డబ్బు కట్టి చెప్పుకున్న కథ

చేయమంటారా, వద్దంటారా అని అడిగినవాళ్ళకు తాళ్ళూరి సాంబమూర్తిగారు ఎన్నడూ తిన్నగా జవాబు చెప్పేవారు కారు. మద్రాసు రోజుల నుంచి సినిమాలకు మాటలు రాసి, ఇప్పుడు యూసుఫ్‌గూడలో రెండు గదుల ఇంట్లో ఉంటున్న ఆయన దగ్గరకు ఆదివారాలు ఉదయం పూట కథలు రాయాలనుకునేవాళ్ళు కొందరు వస్తుంటారు. వాళ్ళ ప్రశ్న పూర్తిగా విని, తనకు తెలిసిన ఎవరికో జరిగిన సంగతి చెబుతారాయన. అది జవాబో కాదో అడిగినవాళ్ళే తేల్చుకోవాలి.

ఒక ఆదివారం గిరిధర్ అడిగాడు. అతనిది కొత్తగూడెం. ఉద్యోగం మానేసి వచ్చి, ఒకే కథ పట్టుకుని నిర్మాతల ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. వాచ్‌మన్‌ను దాటి లోపలికి వెళ్ళగలిగిన ఆఫీసులు తక్కువ. వెళ్ళినచోట కథ చివరిదాకా విన్నవాళ్ళు లేరు. ఈమధ్య ఫోన్‌లో అతనికి ఒక వెబ్‌సైటు కనిపించింది. డబ్బు కడితే ఇంట్లో కూర్చునే, వీడియోలో, పెద్ద సంస్థల ప్రతినిధులకు కథ చెప్పుకోవచ్చునట. విన్నాక మార్కులు వేస్తారట, సలహాలు కూడా ఇస్తారట. చేతిలో మిగిలినది దానికి పెట్టాలా, ఇంకొన్నాళ్ళు గది అద్దెకు దాచుకోవాలా అన్నది అతనికి తెగడం లేదు.

"కట్టమంటారా గురువుగారూ?" అన్నాడు.

సాంబమూర్తిగారు ఆ వెబ్‌సైటు పేరు కూడా అడగలేదు. ఫణీంద్ర సంగతి చెప్పారు.

ఫణీంద్ర కూడా ఆ గదిలో కూర్చుని నేర్చుకున్నవాడే. తన కథలు పట్టుకుని తిరిగి తిరిగి, విసిగి, చివరకు ఇలాంటి ఒక సంస్థలోనే, డబ్బు కట్టినవాళ్ళ కథలు వినే ఉద్యోగంలో చేరాడు. వెబ్‌సైటులో అతని ఫొటో కింద ఒక నిర్మాణ సంస్థ పేరు ఉండేది. అక్కడ అతను కొన్నాళ్ళు సహాయకుడిగా పనిచేసిన మాట నిజమే. కానీ కథ నచ్చితే తీసుకుంటామని చెప్పే అధికారం అతనికి లేదు. ఫలానా కథ బాగుందని చెప్పబోతే వినే నాథుడూ అక్కడ లేడు. అతని పని వినడం, మార్కులు వేయడం, ఏం మార్చుకోవాలో చెప్పడం. మార్చడానికి ఏమీ లేదని మాత్రం ఎవరితోనూ అనకూడదని చేరిన రోజే చెప్పారు. సలహా తీసుకున్నవాడు కథ మార్చుకుని మళ్ళీ వస్తాడు, బాగుందనిపించుకున్నవాడు మళ్ళీ ఎందుకు వస్తాడు?

అలా వచ్చినవాళ్ళలో మస్తాన్‌వలి ఒకడు. ఆదోనిలో ఫొటో స్టూడియో నడుపుకునే మనిషి, యాభై దాటినవాడు. అతను చెప్పింది తన తల్లిదండ్రుల కథ.

తల్లి ఖాసింబీ పత్తి మిల్లులో ఏళ్ళ తరబడి యంత్రాల హోరులో పనిచేసి చెవులు పోగొట్టుకుంది. తండ్రి మాటకారి. భార్యకు వినపడదని తెలిసీ, రోజూ సాయంత్రం ఆమెకు ఎదురుగా కూర్చుని ఊరి సంగతులన్నీ చెప్పేవాడు. ఆమె తల ఊపేది. అలా చెబుతూ చెబుతూ ఒకనాడు, ఎలాగూ వినపడదన్న ధైర్యంతో, గుండెలో కుళ్ళుతున్న మాట పైకి అనేశాడు. మిల్లులో సమ్మె జరిగినప్పుడు ఆమె తమ్ముడి పేరు యజమానులకు చేరవేసింది తనే. ఆ తమ్ముడు పని పోయి, ఊరు విడిచి, ఎక్కడో దిక్కులేక చనిపోయాడు. ఖాసింబీకి నిజంగానే ఏమీ వినపడలేదు. కానీ పెదవుల కదలిక చూసి మాట పట్టుకోవడం ఆమె అప్పటికే నేర్చుకుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆమె ఏమీ అనలేదు. అన్నం పెట్టింది, బట్టలు ఉతికింది, జ్వరం వస్తే పక్కన కూర్చుంది. బతికినన్నాళ్ళూ భర్త ముఖం వంక మాత్రం మళ్ళీ చూడలేదు. ఆయన పోయాక, తను పోయే ముందు, కొడుక్కి చెప్పింది.

మస్తాన్‌వలి ఈ కథను ఏ కాగితమూ చూడకుండా చెప్పాడు. ఫణీంద్ర మార్కుల కాగితం పక్కన పెట్టేసి విన్నాడు. కానీ ఒక్కో కథకు ఇచ్చే గడువు దగ్గర పడుతోంది. అలవాటు ప్రకారం ఏవో మార్కులు వేసి, అలవాటైన నాలుగు మాటలు చెప్పాడు. కథానాయిక చివరిదాకా చెవిటిదైతే జనం చూడరు, విశ్రాంతి దగ్గర ఆపరేషన్ పెట్టి వినికిడి తెప్పించండి అన్నాడు. మస్తాన్‌వలి ఎంతో కృతజ్ఞత చెప్పుకున్నాడు. ఆదోనిలో ఈ కథ మొదలుపెడితే భార్య పొయ్యి మీద ఏదో ఉందని లేచిపోతుందట, స్నేహితులు టీ తెప్పించి మాట మారుస్తారట. ఇంత శ్రద్ధగా విన్నది మీరొక్కరే అన్నాడు.

కొన్నాళ్ళకు మళ్ళీ డబ్బు కట్టి వచ్చాడు. ఈసారి ఖాసింబీకి ఆపరేషన్ జరిగింది. ఫణీంద్ర మార్కులు కొంచెం పెంచి, భర్తే ద్రోహి అయితే సానుభూతి పోతుంది, ఆ పని మిల్లు యజమానితో చేయించండి అన్నాడు. మస్తాన్‌వలి అలాగేనని వెళ్ళి, భర్తను నిర్దోషిని చేసుకుని వచ్చాడు. చనిపోయిన తమ్ముడు కూడా బతికి, పగ తీర్చుకోవడానికి ఊళ్ళో దిగాడు. కానీ ఆ మూడోసారి కథ సగంలో ఆగిపోయింది. తర్వాత ఏం జరుగుతుందో తోచక మస్తాన్‌వలి పక్కనున్న కాగితాల్లో వెతుక్కోసాగాడు. అతను వెతుక్కోవడం చూస్తుంటే ఫణీంద్రకు మొట్టమొదటిసారి తన ఉద్యోగం అంటే భయం వేసింది. అవన్నీ పక్కన పెట్టి మొదట చెప్పినట్టే చెప్పమని అడిగాడు.

"అది యాడ మొదలైతాదో నాకే గుర్తుకొస్తా ల్యాదు సార్" అన్నాడు మస్తాన్‌వలి. "మార్చి మార్చి, ఇప్పుడు కండ్లు మూసుకుంటే మా అమ్మ గూడా సినిమాలో మనిషి మాదిరే కనపడతాంది."

ఇంతలో గడువు ముగిసి తెర ఖాళీ అయింది.

కథ చెప్పడానికి వచ్చినవాళ్ళతో బయట మాట్లాడకూడదన్నది ఆ సంస్థ నియమం. ఫణీంద్ర ఆ సాయంత్రమే ఆదోనిలోని స్టూడియో నంబరు సంపాదించి ఫోన్ చేశాడు. మీ కథ నాకు గుర్తుంది, వినండి అని, ఆ మొదటి రోజు విన్నది విన్నట్టు మొదలుపెట్టాడు. మిల్లు, యంత్రాల హోరు, సాయంత్రాలు, తల ఊపడం. ఆ మాట అన్న నాటి దగ్గరకు వచ్చేసరికి, గిన్నెలు తోముతున్న ఖాసింబీ తలెత్తి భర్త పెదవుల వంక చూసిందని చెప్పాడు ఫణీంద్ర.

"గిన్నెలు కాదు సార్" అన్నాడు మస్తాన్‌వలి. "తల దువ్వుకుంటా ఉండె. దువ్వెన అట్లనే జుట్టులో ఉండిపాయ."

అక్కడి నుంచి అతనే అందుకున్నాడు. మొదటిసారి చెప్పనివి కూడా చెప్పాడు. తండ్రి చివరి రోజుల్లో మంచం మీద నుంచి ఆమెను తన వైపు ఒక్కసారి చూడమని సైగ చేసేవాడట. ఆమె దుప్పటి సరిచేసి కాళ్ళ దగ్గర కూర్చునేదట. ఇది సినిమాలో ఉంచవచ్చా సార్ అని అడిగాడు. ఫణీంద్ర సలహా ఇవ్వలేదు.

రెండో రోజు మస్తాన్‌వలి సంతోషం పట్టలేక, ఫణీంద్ర సార్ తనంతట తానే ఫోన్ చేసి నా కథ నాకు తిరిగి ఇచ్చారని ఆ వెబ్‌సైటులోనే అందరూ చూసేలా రాశాడు. ఆ వారమే ఫణీంద్ర ఉద్యోగం పోయింది. గురువుగారి దగ్గరకు వచ్చి ఈ సంగతంతా చెప్పాడు. ఉద్యోగం గురించి అతను బాధపడలేదు. మస్తాన్‌వలి కథ తనకు నచ్చింది కాబట్టి గుర్తుంది, గుర్తులేని కథలవాళ్ళకు ఇప్పుడు ఫోన్ చేసి ఏం చెప్పాలి అని మాత్రం అడిగాడు.

మస్తాన్‌వలి మళ్ళీ ఎక్కడా డబ్బు కట్టలేదు. మధ్యాహ్నాలు స్టూడియోకి ఎవరూ రాని వేళ కూర్చుని కథంతా రాసుకున్నాడు. ఒక కొత్త దర్శకుడు చదివి ముచ్చటపడ్డాడు కానీ పెట్టుబడి పెట్టేవాడు దొరకలేదు. ఆ సినిమా ఇంతవరకు రాలేదు, వస్తుందన్న నమ్మకమూ లేదు.

సాంబమూర్తిగారు అక్కడితో ఆపారు. అయితే అదంతా మోసమే అన్నమాట అన్నాడు గిరిధర్. ఆయన ఒప్పుకోలేదు. ఆదోనిలో ఎవరూ కూర్చుని వినని కథను అక్కడ ఒక మనిషి చివరిదాకా విన్నాడు, అది అబద్ధం కాదు అన్నారు.

"మరి నన్ను కట్టమంటారా?" అని గిరిధర్ మళ్ళీ మొదటికే వచ్చాడు.

"నీ ఇష్టం నాయనా" అన్నారు సాంబమూర్తిగారు. "కట్టే ముందు మాత్రం, గుర్తుపెట్టుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే, కథ ఉన్నదున్నట్టుగా వాళ్ళకొకసారి చెప్పి ఉంచు."