వేడినీళ్ళలో కడిగిన గింజలు

"స్వామీ, ఈదన్నను పంక్తిలోంచి లేపుతారా, నన్ను వెళ్ళిపొమ్మంటారా?" అని మా ఆశ్రమంలో భోజనాల దగ్గర యజ్ఞన్న అడిగిన రోజున నేనక్కడే ఉన్నాను. ఉండడమేమిటి, నేను వేసిన కేకకు కొండ మీది గద్దలు లేచి ఆమడ దూరాన వాలాయి! ఈదన్న చెంచు గూడెం నుంచి చదువుకోను వచ్చినవాడు, మాలాగే శిష్యుడు. వాడి పక్కన విస్తరి వేస్తే ఈ మహానుభావుడి శుద్ధి చెడిపోతుందట!

మా కేదారస్వామికి వాదించే అలవాటు లేదు. ఆవుల మేతకోసం దాచిన గడ్డిగింజలు తెప్పించి ఇద్దరికీ చెరో దోసెడు పోశారు. "పక్కపక్కనే చల్లండి" అన్నారు, అంతే. ఈదన్న ఉన్నవి ఉన్నట్టే చల్లాడు. యజ్ఞన్న ఊరుకుంటాడా? ఎవరి చేతులు తగిలాయోనని, కాగులో చెయ్యి చురుక్కుమనేలా నీళ్ళు కాచి, గింజలు అందులో నానబెట్టి, కడిగి మరీ చల్లాడు.

వానలు కురిసినన్నాళ్ళూ రెండు మడిచెక్కలూ ఒకేలా పచ్చగా ఉన్నాయి. "చూశావుటోయ్, శుద్ధి చేస్తే ఏం తక్కువైంది?" అని నా ముందే మీసం మెలేశాడు. ఆపైన వాన మొహం చాటేసింది. యజ్ఞన్న గడ్డి ఎండి గలగల్లాడింది. పక్కది వాడింది గాని చావలేదు. నేను ఉత్త చేతులతో పాతాళం అంచుదాకా తవ్వి రెండు కుదుళ్ళూ పెకలించాను. ఈదన్న గడ్డివేళ్ళకు మట్టి ముద్దగా అంటుకొని తొలకరి వాసన వేసింది. రెండోవాటికి ఒట్టి ఇసుక, అదీ రాలిపోతూ. ఇంత చూసి కూడా యజ్ఞన్న ఏమన్నాడు? "శుద్ధి చాలలేదు!" అని మళ్ళీ కాగు పొయ్యి మీద పెట్టాడు.

స్వామి ఆ కుదుళ్ళు అందుకున్నారు. "గింజలోపల కంటికి ఆనని బూజు ఒకటి కాపురముంటుంది. గడ్డితోపాటే పెరుగుతుంది, వేడినీళ్ళు తగిలితే చస్తుంది. వేళ్ళ చుట్టూ ఏ సూక్ష్మజీవులు చేరాలన్నది కొంత దాని చలవ, కొంత నేల తడి. ఆ జీవులే మట్టిని వేళ్ళకు పట్టి ఉంచుతాయి. తడి ఉన్నన్నాళ్ళూ ఆ చుట్టం ఉన్నాడో పోయాడో మనకు తెలియదు."

"గడ్డి సంగతి సరే స్వామీ. పంక్తి సంగతి తేల్చండి" అన్నాడు యజ్ఞన్న.

"ఇంకా ఏం తేల్చాలిరా, నీ బొంద!" అని నేను మీదికి ఉరకబోయాను. స్వామి నన్ను కళ్ళతోనే ఆపారు. భోజనాలవేళ అయింది. తానే లేచి ఈదన్నకు విస్తరి వేశారు. దాని పక్కనే, అంచు అంచుకు తగిలేలా, మరొకటి వేశారు.

"ముందు ఆ కాగు దించి రా, యజ్ఞన్నా. నీ విస్తరి ఇక్కడుంది."