దొరగారి నెత్తిమీది దీపం

గుమ్మలపాడు జమీందారుగారి పాత మోటారు కారు ఊరేగింపుకి బయల్దేరిందంటే చాలు, వీధి మలుపు తిరక్కుండానే పొగలు కక్కేది. డ్రైవరు అసిరయ్య కారు జబ్బేమిటో కనిపెట్టాడు. తన మొహం జనానికి కనబడాలని దొరగారు కారుకి పెద్ద దీపం బిగించమన్నారు. ఇంజనుని చల్లబరిచే ఫ్యాను తీగనే దానికీ కలిపారు. దీపం వెలిగిస్తే ఫ్యాను ఆగుతుంది, ఆర్పితే గిర్రున తిరుగుతుంది. కానీ దొరగారి దీపాన్ని తప్పుపట్టేదెవరు?

"రేపు మళ్ళీ పొగొచ్చిందో, అసిరిగాడికి ఉద్వాసనే!" అన్నారు దొరగారు.

దొరగారి వెనక నిలబడి విసనకర్రతో విసురుతున్న పైడమ్మకి ఒళ్ళు మండింది. అసిరయ్య ఆమె తమ్ముడు.

పొద్దు వాలింది. "అద్దంలో నా మొహం కనబడాలి, దీపం ఇలా పట్టవే," అన్నారు దొరగారు. పైడమ్మ విసనకర్ర పక్కన పడేసి, బరువైన దీపాన్ని రెండు చేతులా ఎత్తిపట్టుకుంది. కాసేపటికి దొరగారు చెమటతో తడిసి ముద్దయ్యారు.

"ఏమే, విసరవేం?"

"దీపం పట్టాను గదా దొరా."

"అదీ పట్టు, ఇదీ విసురు!"

"ఉన్నది ఒక్కదాన్నే దొరా. మొహం కనబడాలంటే మరి ఉడకాలి."

"బుర్రలేనిదానా! దీపానికి ఇంకొకర్ని పెట్టి, నీ పని నువ్వు చూడు!"

పైడమ్మ గుమ్మం బయట కారు దగ్గరున్న తమ్ముడికి వినబడేలా కేకేసింది. "ఒరే అసిరీ, దొరగారి హుకుం విన్నావా? దీపానికి ఇంకో తీగ లాగి, ఫ్యానుని దాని పని చూసుకోనియ్యి!"

హుకుం దొరగారిదే, కాదనేదెలా?

మర్నాడు ఊరేగింపులో కారు పొగ కక్కలేదు. అందులో కూర్చున్న దొరగారొక్కరే కోపంతో పొగలు కక్కారు.