విస్తరి ముందు సలహాదారు

పలాస జీడిపప్పు వ్యాపారి ఢిల్లేశ్వరరావుకి కోపం నషాళానికంటింది. పొద్దున్నే టిఫిన్ కూడా ముట్టకుండా కారెక్కి గురువుగారి ఆశ్రమానికి వచ్చి పడ్డాడు. ఆ గురువుగారు ఒక ముసలావిడ. వంశధార ఒడ్డున రెండు గదులు, ఒక వంటపాక, అంతే ఆశ్రమం. అందరూ అమ్మ అంటారు. ఆవిడ ఉపన్యాసాలు చెప్పదు, బతిమాలినా చెప్పదు.

సంగతేమిటంటే, దేశదేశాల్లో పేదపిల్లలకి బడులు నడిపే ఓ సంస్థకి ఢిల్లేశ్వరరావు దాత. ఆఫ్రికాలో మలావీ అనే దేశముంది. అక్కడ వాళ్ళ బడి ఒకటి ఈయన డబ్బు మీదే నడుస్తోంది. ఇంత ఇస్తున్నాడు కదా అని సంస్థవాళ్ళు మర్యాద కోసం సలహాదారు అని కూడా పేరు పెట్టారు. చేజేతులా చేసుకున్నారు పాపం.

సలహాలు ఉచితమంటారు గానీ, ఈయన డబ్బిచ్చి మరీ సలహాలిచ్చేవాడు. పిల్లలు తూర్పుకి తిరిగి కూర్చోవాలి. ఇరవయ్యో ఎక్కం దాకా నిలబడి అప్పజెప్పాలి. పలక ఎలా పట్టుకోవాలో ఓసారి గంటసేపు చెప్పాడు. పంతుళ్ళు పాఠం ఆపుకుని ఫోన్ ముందు కూర్చుని తలలాడించాలి. ఏ పిల్ల ఏ అక్షరం నేర్చిందో ఎప్పటికప్పుడు రాసి పంపాలి. ఇంక వాళ్ళకి బడి చెప్పే తీరికెక్కడిది?

అక్కడ పెద్ద పంతులమ్మ హైమవతి, మన విజయనగరం మనిషే. నిన్న ఫోన్ మీటింగులో ఆవిడ మెల్లిగా అంది, "బాబుగారూ, మీ దయవల్లే బడి నిలబడింది. పాఠం చెప్పడం మాత్రం మాకు వదిలెయ్యండి" అని.

"విన్నారా అమ్మా?" అన్నాడు ఢిల్లేశ్వరరావు చాప మీద కూలబడి. "పాలిచ్చే ఆవు తన్నినా ఓర్చుకోవాలంటారు. నేను తన్ననైనా లేదు, సలహా ఇచ్చానంతే. ఇంక పైసా ఇవ్వను. సాయంత్రంలోగా ఆ మాట ఫోన్ చేసి చెప్పేస్తాను. మీ ఆశీర్వాదం ఒక్కటీ కావాలి."

"నువ్వివ్వకపోతే బడేటవుద్ది?"

"మూసుకుంటారు. నన్నేం చెయ్యమంటారు?"

అమ్మ అతని మొహం కేసి చూసింది. "తిన్నావేటి నాయనా?"

"లేదమ్మా."

"ముందు తిను. ఆశీర్వాదం ఎక్కడికీ పోదు."

విస్తరి వేసి తనే వడ్డించింది. వేడివేడన్నం, ముద్దపప్పు, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, ఊరమిరపకాయలు, నెయ్యి. ఢిల్లేశ్వరరావు ఆవురావురుమంటూ కూర కలిపి ముద్ద ఎత్తాడు.

"ఆగు," అంది అమ్మ, చేతికి గరిటె అడ్డం పెట్టి. "ముందు పప్పు."

సరేనని పప్పు కలిపాడు.

"అటు కాదు, నెయ్యి పడ్డ వైపు నుంచి కలుపు. అంత ముద్దేటి? నిమ్మకాయంత చాలు. ఇటేపు కూకున్నావేం, తూర్పుకి తిరుగు."

విస్తరిని జరుపుకుంటూ తిరిగాడు. ఇంకా చారు పొయ్యలేదు కాబట్టి బతికిపోయాడు. ఎలాగైతేనేం, ఒక ముద్ద లోపలికి వెళ్ళింది. రెండోది ఎత్తబోతే గరిటె మళ్ళీ అడ్డమొచ్చింది.

"మొదటిది ఎలా ఉంది?"

"బావుందమ్మా."

"అలా కాదు. ఉప్పు సరిపోయిందా, ఎంతసేపు నమిలావు, గొంతు దిగాక ఏటనిపించింది, వివరంగా చెప్పు. పెట్టినదాన్ని, నాకు తెలియొద్దూ?"

చెప్పాడు. ఆవిడ తల పంకించి, ఇంకోసారి చెప్పమంది. అన్నం చల్లారిపోతోంది. పనసపొట్టు కూర ఎదురుగా ఘుమఘుమలాడుతోంది. అతను దానివైపు చెయ్యి చాపాడో లేదో గరిటె మళ్ళీ దిగింది.

ఢిల్లేశ్వరరావుకి ఒళ్ళు మండిపోయింది. గురువని కూడా చూడలేదు.

"అమ్మా, అన్నం పెట్టారు, మీ రుణం తీర్చుకోలేను. తినడం నాకొచ్చు. ఆ గరిటె అవతల పెట్టి నన్ను తిననివ్వండి."

"మీ హైమవతి ఇంతకన్నా మర్యాదగా చెప్పింది నాయనా," అంది అమ్మ. గరిటె గిన్నెలో పెట్టేసి, దూరంగా జరిగి గోడకి చేరబడింది.

ఢిల్లేశ్వరరావు సిగ్గుతో తలెత్తలేకపోయాడు. ఎడమచేత్తో జేబులోంచి ఫోన్ తీసి హైమవతికి చేశాడు.

"ఈ ఏడాది డబ్బు రేపే పంపుతున్నానమ్మా. బడి ఆపకండి."

అవతల వెనకనుంచి పిల్లల గోల వినిపిస్తోంది. "చాలా సంతోషం బాబుగారూ," అంది హైమవతి. ఎంతైనా దెబ్బ తిన్న మనిషి కదా, భయం భయంగా అడిగింది, "మరి, ఈ ఏడాదికి సలహాలేవైనా?"

ఆ గోల వింటుంటే ఓ మంచి సలహా నాలుక చివరిదాకా వచ్చింది. అతను అమ్మ వైపు చూశాడు. అమ్మ కిటికీలోంచి ఏటి కేసి చూస్తోంది.

పనసపొట్టు కూరతో పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. సలహా కూడా దాంతోపాటే లోపలికి పోయింది.

"నేను అన్నం తింటున్నానమ్మా," అని ఫోన్ పెట్టేశాడు.