చూసినవాడి గొంగడి

విఠల్ సారుకు దుర్గయ్య కొరకరాని కొయ్యగా తయారయ్యాడు.

ఇద్దరూ వీరదాసు గురువు శిష్యులే. విఠల్ బడిపంతులుగా చేసి దిగిపోయినవాడు. వేదాంతం మొదలుపెడితే ఎదుటివాడికి ఊపిరి ఆడనివ్వడు. దుర్గయ్య మగ్గం నేసి బతికినవాడు. భజనలో తాళం కొట్టడం తప్ప నోరు విప్పి పదిమందిలో మాట్లాడింది లేదు. అలాంటి మనిషి తన మాట వినకపోవడం విఠల్‌కు తలకొట్టేసినట్టుగా ఉంది.

దుర్గయ్య భార్య సత్తెమ్మ బీడీలు చుట్టేది. దగ్గు పట్టుకుంటే టౌనులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఎక్స్‌రే తీశారు. డాక్టరు ఆ ఫిల్మును చూసి, బీడీలు చుట్టే ఆడవాళ్లందరికీ ఉండే దగ్గే ఇది అని సీసా మందు రాశాడు. మళ్లీ పోయినా అదే మాట, అదే సీసా. ఏడాది దాటాక ఆమె రక్తం కక్కుకుంటే హైదరాబాదు తీసుకుపోయారు. అక్కడి డాక్టరమ్మ పాత ఫిల్మును వెలుతురుకు పట్టి, శనగగింజంత మచ్చ మీద వేలు పెట్టింది.

"క్యాన్సర్ గడ్డ. అప్పుడే ఉంది కదా! మీకెవరూ చెప్పలేదా?" అంది. అప్పుడే పట్టుకుంటే కోసి తీసేసేవాళ్లమని, బతికే అవకాశం బాగా ఉండేదని కూడా అంది. ఆ మాట దుర్గయ్య చెవిన పడకపోయినా బాగుండేది. సత్తెమ్మ ఆ వానాకాలంలోనే పోయింది.

దుర్గయ్య నష్టపరిహారం కోసం వినియోగదారుల కోర్టుకు పోయాడు. కొన్నాళ్లకు ఆసుపత్రివాళ్లు రాజీకి దిగారు. ఎంతో కొంత ఇస్తారట, తప్పు ఎవరిదీ కాదని ఇతను సంతకం పెట్టాలట. ఆ సంతకం పెట్టించే పని విఠల్ నెత్తిన వేసుకున్నాడు. ఆయనకు ఎవరూ లంచం ఇవ్వలేదు. "మీవంటి జ్ఞానులు చెబితే వింటాడు సార్" అన్నారు ఆసుపత్రివాళ్లు, ఆయనకు అది చాలు.

వాయిదాకు ముందురోజు పొద్దున్నే దుర్గయ్యను వెంటబెట్టుకుని గురువు ఇంటికి వచ్చాడు. ముసలాయన గొంగడి కప్పుకుని వాకిట్లో చలిమంట ముందు కూర్చుని ఉన్నాడు. వీళ్లిద్దరూ చెరోపక్క కూర్చున్నారు. విఠల్ భుజాల మీద ఈమధ్య సన్మానంలో కప్పిన శాలువా ఉంది.

"మీరన్న చెప్పుండ్రి గురువా. రేపు వాయిదా. సంతకం పెట్టుమంటే పెడ్తలేడు."

"ఎందుకు పెడ్తలేవు బిడ్డా?" అన్నాడు గురువు.

"తప్పు ఎవలది గాదని రాసిండ్రు గురువా. ఫిల్ము ఆ డాక్టరు చేతులనే ఉండె. నేను పక్కపొంటి నిలబడ్డ. నన్ను చూసుడు గూడ చూడలే."

"చెప్పినా చెప్పకున్నా పోయేదే గద," అందుకున్నాడు విఠల్. "ఒళ్లు బట్ట అసొంటిది దుర్గయ్యా. ఎన్నడో ఒకనాడు విడిసేదే. విడిసిన బట్ట కోసం ఎవలన్న కోర్టుకు పోతరా? పైసలు తీసుకుంటే మాత్రం సత్తెమ్మ తిరిగొస్తదా?"

 

గురువు పుల్లతో మంటను కదిపాడు. కావాలని కదిపాడో, చలికి కదిపాడో తెలియదు. నిప్పురవ్వ ఒకటి చిటుక్కున ఎగిరి విఠల్ వీపు పక్కగా శాలువా అంచు మీద పడింది. దుర్గయ్య నోరు తెరవబోయాడు. గురువు అతని మణికట్టు పట్టుకుని, రెండో చేతి వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

విఠల్ మంచి ఊపు మీద ఉన్నాడు. ఆత్మకు చావు లేదన్నాడు. పగ పెట్టుకుంటే మనకే నష్టమన్నాడు. వెనక రవ్వ తన పని తాను చేసుకుపోతోంది. సన్నగా పొగ లేచింది. దుర్గయ్య ఆ పొగను చూశాడు, గురువు ముఖం చూశాడు. ఇక ఆగలేకపోయాడు. చెయ్యి విదిలించుకుని, "సార్, అంటుకున్నది!" అని అరుస్తూ ఒట్టి అరచేత్తో కొట్టి ఆర్పాడు, శాలువా లాగి అవతల పడేశాడు.

శాలువాకు పిడికిలి పట్టేంత బొక్క పడింది. కింద చొక్కా కాలింది. వీపున చర్మం కమిలింది. విఠల్ లేచి నిలబడి గురువు వైపు తిరిగాడు.

"మీరు చూసిండ్రా గురువా?"

"చూసిన."

"ఎప్పటిసంది?"

"రవ్వ పడ్డప్పటిసంది."

"మరి చెప్పకపోతిరి! అప్పుడే చెప్తే గోటితోటి దులుపుకుంటుంటి గదా!"

అనేశాక గానీ విఠల్‌కు తన మాట తనకు వినపడలేదు. దుర్గయ్య వైపు చూడలేక తల వంచుకున్నాడు.

గురువు లేచి, ఒంటి మీది గొంగడి తీసి విఠల్ భుజాల మీద కప్పాడు. లోపల ఆయనకు చొక్కా కూడా లేదు.

"వద్దు గురువా. శాలువా ఎట్లన్న పాయె. ఇది కప్పితే అది వస్తదా?"

"రాదు. చూసి చెప్పనోడు వెచ్చగ కూసోవద్దు."

అని, మంటకు దూరంగా గోడవారకు పోయి కూర్చున్నాడు. డెబ్భై దాటిన ఒళ్లు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. విఠల్ గొంగడి తీయనూ లేడు, కప్పుకుని ఉండనూ లేడు.

దుర్గయ్య బొబ్బలెక్కిన అరచేతిని చూసుకుంటున్నాడు. చేదుగా నవ్వాడు.

"సారు శాలువకు మీ గొంగడి సరిపాయె గురువా. నా సత్తెమ్మకు ఆ డాక్టరు ఒంటిమీదికెళ్లి ఏం విప్పిస్తే సరిపోతది?"



"ఏదీ సరిపోదు బిడ్డా," అన్నాడు గురువు వణుకుతూనే. "అయినా విప్పించాలె."