చలి దూరని ఆకుతోట

కళ్ళు మూసుకో పండూ. మూసుకున్నావా? నీ మాట నమ్మను, రెప్పలు కదులుతున్నాయి. ఆ పిడికిట్లో ఏముంది? ఏం లేదా? సరే, రెండోది తెరువు. నాకు తెలుసు! బెల్లం ముక్క. నోట్లో వేసుకుని పడుకో, చీమలొస్తే మాత్రం నన్ను లేపకు.

అనగనగా ఒక ఊళ్ళో, సముద్రానికి కాస్త ఇవతల, అందరికీ ఆకుతోటలే. ఆకంటే తమలపాకు. తమలపాకు తీగ చంటిపిల్లలాంటిది. ఎండెక్కువైతే వాడిపోతుంది, చలెక్కువైతే నల్లబడుతుంది, రోజూ తడి లేకపోతే అసలు బతకదు. అందుకే ఆ ఊళ్ళో ప్రతి తోటకీ ఉత్తరపు గట్టు మీద కానుగ చెట్లు దట్టంగా పెంచేవాళ్ళు. చలిగాలి తీగకి తగలకుండా పెద్దలు పెట్టిన అడ్డు అది.

ఆ ఊళ్ళో నాంచారమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, ఉన్నదల్లా ఒక్క తోట. ఆవిడకి ఎవరి మీదా నమ్మకం లేదు. కాకి వచ్చి గట్టు మీద వాలితే, "ఎవరు పంపారే నిన్ను?" అని అడిగేది. పాలమ్మాయి పాలు పోస్తుంటే చెంబులోకి కాదు, ఆ పిల్ల మొహంలోకి చూసేది. ఎందుకు నవ్వుతావు? నాలాగా అంటావా? అనుకుంటే అనుకో.

ఆ ఊరి బళ్ళో ఏసుపాదం మాస్టారని ఉండేవారు. ఆయన ఒకరోజు టీకొట్టు దగ్గర పేపరు చదివి, "లోకం ఏటికేడాది వేడెక్కుతోందటయ్యా, మనం జాగ్రత్తపడాలి" అన్నారు.

ఊళ్ళో పెద్ద రైతు బసవపున్నయ్య ఆ మాట విన్నాడు. విన్నాడంటే, సగం విన్నాడు. "వేడెక్కుతోందంటే ఇక చలి రాదుగా! చలే రానప్పుడు ఈ కానుగ చెట్లెందుకు, చోటు దండగ. కొట్టేసి ఇంకో రెండు సాళ్ళు తీగ వేసుకుందాం" అన్నాడు. అన్నదే తడవు గొడ్డలి తీశాడు. అప్పుడు పక్క తోటవాడు కొట్టాడు. ఆ తర్వాత వాడి పక్కవాడు. ఉత్తరపు గట్లన్నీ బోడిగుండ్లయ్యాయి.

నాంచారమ్మ మాత్రం కొట్టలేదు. తెలివుండి కాదు సుమా! "చెట్లు తీయించి నా తోటలోకి తొంగిచూద్దామనా? మీ ఎత్తులు నాకు తెలియవనుకున్నారా?" అంది. ఇంకో నాలుగు మొక్కలు నాటి, ఉన్న సందులు కూడా పూడ్చేసింది.

రెండేళ్ళు బాగానే గడిచాయి. మూడో ఏడు వచ్చింది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోవాలి కదా? ఆ ఏడు పోయినట్టే పోయి, ఉగాది ముందు రెట్టింపై తిరిగొచ్చింది. పొద్దెక్కినా మంచు విడవదు. వేపపూత కోసం చూడాల్సిన రోజుల్లో ముసలాళ్ళు కుంపట్లు వదల్లేదు.

అప్పుడు తోటల్లో ఆకు అంచులు నల్లబడ్డాయి. ఆ తర్వాత ఆకు నిండా మచ్చలు పడ్డాయి. ఆ తర్వాత ముట్టుకుంటే చాలు, రాలిపోయింది. చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళిళ్ళన్నిటికీ తాంబూలం ఆకు ఇచ్చే ఊరు పండూ అది. బుట్టలన్నీ ఖాళీ అయిపోయాయి. ఆడవాళ్ళు తోటల్లో కూలబడి ఏడ్చారు.

ఎందుకో నీకు తెలిసిపోయిందా? ఉష్, చెప్పకు. వాళ్ళకి తెలియలేదు. తను చేసింది ఎవడికి గుర్తుంటుంది? పక్కవాడు చేసిందే కంటికి ఆనుతుంది.

"ఇది వచ్చిన చలి కాదు, ఎవరో తెచ్చిపెట్టిన చలి" అన్నాడు బసవపున్నయ్య. అంతే, ఊరంతా ఒకరినొకరు ఓరగా చూసుకోవడం మొదలుపెట్టారు.

మొదటి అనుమానం మాస్టారి మీద పడింది. అందరూ కలిసి బడికి వెళ్ళారు. "ఏం మాస్టారూ, వేడన్నారు, చలొచ్చింది. మా చేత చెట్లు కొట్టించమని మీకెవరు చెప్పారు?"

"కొట్టమని నేనెప్పుడన్నానయ్యా? జ్వరమొచ్చినవాడు ఒళ్ళు కాలిపోతూనే చలి చలి అని వణకడూ? లోకానికి ఒంట్లో బాగోకపోతే అంతే, కాలాలు గతి తప్పుతాయి" అన్నారు మాస్టారు.

"అయితే ఈ చలి అందువల్లే వచ్చిందని ప్రమాణం చెయ్యండి!"

"ఈ ఒక్క చలి అందువల్లేనని ప్రమాణం చెయ్యలేనయ్యా. పెద్దపెద్ద చదువులవాళ్ళే ఇంకా వాదించుకుంటున్నారు" అన్నారు మాస్టారు. "చూశారా, ఏదో దాస్తున్నాడు!" అని గొణుక్కుంటూ వాళ్ళు వెనక్కి తిరిగారు. పాపం, ఉన్నమాట చెప్పాడాయన.

రెండో అనుమానం ఊరి చివర కోల్డ్ స్టోరేజి మీద పడింది. అందులో మిరపకాయ బస్తాలు చల్లగా దాస్తారు. "రాత్రిళ్ళు తలుపులు తెరిచి ఆ చలి మన మీదకి వదులుతున్నారు" అన్నారు. తెల్లారకుండానే వెళ్ళారు. అక్కడ వాచ్‌మన్ మస్తాను గోనెసంచి కప్పుకుని, నెగడు ముందు కూర్చుని వణుకుతున్నాడు.

"లోపలి చలి పిసరంత బయటికి పోయినా మా ఓనరు నన్ను బతకనిస్తాడా? కావాలంటే తలుపు సందుల్లో చేతులు పెట్టి చూసుకోండి" అన్నాడు. పెట్టి చూశారు. చలి ఎక్కడా కారడం లేదు. అప్పుడు అవే చేతులు మస్తాను నెగడు మీద కాచుకుని, "ఆ తలుపు మనల్ని చూసి నటిస్తోంది" అనుకుంటూ ఇంటికొచ్చారు. అనుమానం అలాంటిది పండూ, తలుపుని కూడా వదలదు.

ఇక మూడో అనుమానం. నాంచారమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని సంతకి పోతుంటే ఎవరో చూశారు. బుట్టలో ఆకు పచ్చగా నిగనిగలాడుతోంది. "ఊరందరి ఆకూ నల్లబడితే ఈవిడ ఆకు పచ్చగా ఎలా ఉంది? తన తోటలో చలిని మన తోటల్లోకి ఊదేసింది!" అన్నారు. ఈసారి ఎవరూ ఆలోచించలేదు, ఎవరూ కాదనలేదు. నా అన్నవాళ్ళు లేని మనిషికి అనుమానం ఇట్టే అంటుకుంటుంది.

అందరూ ఆవిడ తోట గుమ్మం దగ్గరికి వచ్చారు. "పోలేరమ్మ మీద ప్రమాణం చెయ్యి. చెయ్యకపోతే రేపటినుంచి నీ తోటకి కాలవ నీళ్ళు ఆపేస్తాం" అన్నాడు బసవపున్నయ్య.

నీళ్ళు లేకపోతే తీగ లేదు. తీగ లేకపోతే నాంచారమ్మకి ముద్ద లేదు. "చేస్తాను. ఆకు తెండి" అంది.

ఆ ఊళ్ళో ప్రమాణమంటే తమలపాకు మీద కర్పూరం వెలిగించి, అరచేతిలో పట్టుకుని చెప్పాలి. ఆకు మీద ఒక్క మచ్చ ఉండకూడదు. బసవపున్నయ్య తోటలో వెతికారు, దొరకలేదు. పక్క తోటలో వెతికారు, దొరకలేదు. ఊరంతా వెతికినా ప్రమాణానికి పనికొచ్చే ఆకు దొరకలేదు.

"ఆకు నా తోటలోనే ఉంది" అంది నాంచారమ్మ.

"నువ్వు కోసిన ఆకు మేం నమ్మం. ఏం మంత్రించి తెస్తావో!"

"అయితే మీరే వచ్చి కోసుకోండి." అనేసి ఆవిడే ఉలిక్కిపడింది. మొగుడు పోయాక ఆ తోటలో ఇంకో మనిషి అడుగు పడలేదు. "మీ చేతుల వంక మాత్రం చూస్తూ ఉంటాను" అంది.

ఆకుతోటలోకి చెప్పులతో వెళ్ళకూడదు. అందరూ గుమ్మం దగ్గర చెప్పులు విడిచారు. బయట గట్టు మీద మంచుకి అరికాళ్ళు జివ్వుమన్నాయి. లోపల అడుగుపెట్టారు. మట్టి గోరువెచ్చగా తగిలింది. బసవపున్నయ్య ఇంకో అడుగు వేశాడు. అక్కడా వెచ్చగానే ఉంది. తలెత్తి చూశాడు. ఉత్తరపు గట్టు మీద కానుగ చెట్లు గోడలా నిలబడ్డాయి. గాలి వాటికి అవతల హోరుమంటోంది, ఇవతల ఒక్క ఆకు కదలడం లేదు.

బసవపున్నయ్య ఒక్క ఆకు కోసి నాంచారమ్మకి ఇచ్చాడు.

ఆవిడ అక్కడే నిలబడి కర్పూరం వెలిగించింది. "అమ్మా పోలేరమ్మా, ఈ చలి నేను తేలేదు. వీళ్ళందరినీ అనుమానించాను, అది మాత్రం నిజం" అంది. ఆ తర్వాత వెలుగుతున్న ఆకుని వాళ్ళ ముందుకి చాపింది. "ఇప్పుడు మీరు పట్టుకోండి. మీ గట్టు మీద చెట్లు ఎవరు కొట్టారో, అది కూడా అమ్మవారికి చెప్పండి."

ఒక్క చెయ్యి ముందుకి రాలేదు. కర్పూరం కరిగిపోతోంది, ఆకు చుర్రుమంటోంది, ఆవిడ అరచెయ్యి కాలుతోంది. అయినా ఆవిడ చెయ్యి తీయలేదు. అప్పుడు బసవపున్నయ్య ఆవిడ చేతి కింద తన చెయ్యి పెట్టాడు. "నేనే కొట్టానక్కా" అన్నాడు. ఆ తర్వాత అతని వెనక ఇంకొకడు "నేనూ" అన్నాడు. ఆ తర్వాత ఇంకొకడు.

నాటుకోవడానికి ఆ ఊళ్ళో ఇక ఆవిడ తీగే దిక్కు. సిగ్గు చంపుకుని అడిగారు. "ముందు గట్టు మీద కానుగ మొక్కలు నాటండి. అవి ఎదిగేదాకా తాటాకు దడి కట్టండి. అప్పుడు రండి, తీగ ముక్కలిస్తాను. నాటామని చెబితే నమ్మను, వచ్చి చూస్తాను" అంది నాంచారమ్మ.

చూడ్డానికి వెళ్ళింది కూడా. పొద్దున్నే కర్ర పట్టుకుని ఒక్కో గట్టూ తిరిగేది. ఒకళ్ళు కాఫీ ఇచ్చేవారు, వాసన చూసిగానీ తాగేది కాదు. ఒకళ్ళు పీట వేసేవారు, ఊపి చూసిగానీ కూర్చునేది కాదు. కానీ కూర్చునేది పండూ! ఎన్నాళ్ళకో ఆవిడ ఇంకొకరి వాకిట్లో కూర్చుంది.

మరి ఆ చలి ఎందుకొచ్చిందంటావా? మాస్టారు ఒకటంటారు, బసవపున్నయ్య ఇంకోటంటాడు. ఆ ఊళ్ళో ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు, కానుగ మొక్కలకి నీళ్ళు పోసుకుంటూ.

ఇక పడుకో. ఆగాగు, ఆ తలగడ కింద చప్పుడేంటి? రెండో బెల్లం ముక్క! ఇటివ్వు.

కానుగ గట్టుకి, కాకి చెట్టుకి,
ఆకు బుట్టకి, వక్క పెట్టెకి,
చలి కొండకి, గాలి కడలికి,
కథ కంచికి, మనం దుప్పట్లోకి!