పేరు లేని టీచరమ్మ

దుప్పటి సరిగ్గా కప్పుకో బంగారం. కాళ్ళు బయటపెట్టావంటే కథ ఆపేస్తా, ముందే చెప్తున్నా!

అనగనగా పలకలు చేసే ఒక ఊళ్ళో చెంచమ్మ అని నీ అంత పిల్ల ఉండేది. ఆ ఊరివాళ్ళు గనిలోంచి నల్లరాయి తీసి, పలుచగా చీల్చి, చెక్క చట్రాలు బిగించి ఊరూరికీ పంపేవాళ్ళు. ఇంటినిండా పలకలే, కానీ దానికి మాత్రం చదువు రాలేదు, పాపం. అక్షరాలు చూస్తే చాలు, చీమల్లా పాకుతూ ఒకదాంట్లో ఒకటి దూరేవి. మాస్టారు లేపి చదవమంటే నోరు పెగిలేది కాదు. పిల్లలంతా పకపకా నవ్వేవాళ్ళు.

వాళ్ళ నాయన విసిగిపోయాడు. "వేసవి సెలవుల్లోగా చదవడం రాకపోతే బడి మాన్పించి పలకలు రుద్దే పనిలో పెడతా" అన్నాడు. చెంచమ్మకి బడంటే భయమే. అయినా మానెయ్యాలంటే ఏడుపు ముంచుకొచ్చింది.

అప్పుడది సందెవేళ పాడుపడ్డ గని దగ్గరికెళ్ళి కూర్చుంది. ఆ గని నిండా నల్లటి నీళ్ళు. రాయి వేసినా చప్పుడు రాదు. అందులోంచి ఓ ముసలి గొంతు పిలిచింది. "ఏడవకే తల్లీ, నేను గని అవ్వని. నీ పలక మీద రాసింది నాకిచ్చెయ్, నీ బాధ తీరుస్తా." చెంచమ్మ పలక నీళ్ళలో ముంచింది. రాతంతా జారిపోయింది. ఆ తర్వాత ఆ పలక మీద గీత పడితే ఒట్టు!

రెండో సందెవేళ అవ్వ "నీకొచ్చిన నాలుగక్షరాలూ ఇచ్చెయ్" అంది. ఇచ్చేసింది పిచ్చిపిల్ల. మర్నాడు 'అ' చూపించినా దానికి తెలియలేదు.

మూడో సందెవేళ అవ్వ ఇంకా మెల్లగా అంది. "ఇక నీ పేరిచ్చెయ్. పేరు లేని పిల్లని ఏ మాస్టారు లేపుతాడు? ఎవరు నవ్వుతారు?"

అమ్మో! నిజమే కదా అనిపించింది దానికి. నోరు తెరిచింది. అప్పుడే వెనకనుంచి ఎవరో దాని చెయ్యి పట్టి లాగారు. ఎవరనుకున్నావు? ఒకటో తరగతి టీచరమ్మ. ఊరంతా ఆవిణ్ణి టీచరమ్మా అనే పిలుస్తారు. పేరేమిటంటే ఎవరికీ గుర్తుకు రాదు. కన్నతల్లి కూడా "ఇదిగో" అనే పిలుస్తుంది.

"నీ వయసులో నా పేరు ఇచ్చేశానమ్మా" అంది టీచరమ్మ. "అదిగో, ఆ గోడ మీద ఉంటుంది. నాకు కనబడదు. అవ్వతో బేరమాడిన ఇంకో పిల్లకే కనబడుతుంది. ఆ పిల్ల పైకి చదివితే తిరిగొస్తుంది. కానీ ఇక్కడికొచ్చే పిల్లలెవరికీ చదవడం రాదు కదా, అదే అవ్వ ధైర్యం."

చెంచమ్మ గోడకేసి చూసింది. నీళ్ళ పైన, రాతి మీద ఏదో తెల్లగా రాసి ఉంది. చదవలేకపోయింది.

ఆ తర్వాత రోజూ బడిగంట కొట్టకముందే వెనక వసారాలో వాళ్ళిద్దరే. చేటలో రాతిపొడి పోసి, టీచరమ్మ దాని వేలు పట్టుకుని రాయించేది. అ ఆలు వరసగా కాదు. "ఇవాళ ఏం చూశావే?" అనేది. మేకంటే మేక, ఈకంటే ఈక, అదే ఆ రోజు పాఠం. తప్పు చెప్తే కొట్టదు, తిట్టదు. "తొందరేం లేదు, నేనిక్కడే ఉన్నాగా" అనేది. పక్కన ఒక్కరుంటే ఎంత ధైర్యమో! మెల్లమెల్లగా అక్షరాలు పాకడం మానేసి నిలబడ్డాయి.

కానీ వసారాలో తడి అడుగులు కనబడటం మొదలైంది. ముందు మెట్టు దగ్గర. తర్వాత స్తంభం దగ్గర. ఆఖరికి చెంచమ్మ పీట పక్కనే.

ఆ రోజు సందెవేళ టీచరమ్మ "ఇక వెళ్దాం పద" అంది.

గని దగ్గర వెలుగు తగ్గిపోతోంది. చెంచమ్మ గోడకేసి వేలు చూపిస్తూ మొదలుపెట్టింది. "కో..." నీళ్ళలోంచి పిల్లల పకపకలు వినిపించాయి, అచ్చం బడిలో నవ్వినట్టే. "టి..." నీళ్ళు గట్టెక్కి పాదాలదాకా వచ్చాయి. "ర..." ఆఖరి అక్షరం కింద ఇంకొకటి వేలాడుతోంది. అది చీమలా కదిలింది. చెంచమ్మ వేలు అక్కడే ఆగిపోయింది.

టీచరమ్మ ఆ అక్షరం అందిద్దామన్నా ఆవిడకి కనబడేది బోడిరాయే. పక్కన కూర్చుని దాని చెయ్యి పట్టుకుంది. "తొందరేం లేదు, నేనిక్కడే ఉన్నాగా" అంది.

అక్షరం నిలబడింది.

"త్నం! కోటిరత్నం!" అని అరిచింది చెంచమ్మ.

నవ్వులు టక్కున ఆగిపోయాయి. నీళ్ళు వెనక్కి జారాయి.

ఇంటికెళ్ళేసరికి టీచరమ్మ ముసలితల్లి గుమ్మంలో నిలబడి ఉంది. "ఇంత పొద్దుపోయిందేమే కోటిరత్నం?" అంది, ఏమీ జరగనట్టు. టీచరమ్మ గడప మీద కూలబడి చిన్నపిల్లలా భోరున ఏడ్చింది.

మర్నాడు చెంచమ్మ వాళ్ళ నాయనకి వాచకంలో ఒక పేజీ చదివి వినిపించింది, నిదానంగానే. ఆయన మళ్ళీ పని మాటెత్తలేదు.

నీకూ అక్షరాలు పాకుతున్నాయని నాకు తెలుసులే. రేపు నీ వాచకం తెచ్చుకుని నా పక్కన కూర్చో. తొందరేం లేదు, నేనిక్కడే ఉన్నాగా.

పలక గూటికి, అవ్వ గోతికి,
బలపం సంచికి, కథేమో కంచికి,
మనం ఇంటికి, నిద్ర నీ కంటికి.