తాళం పడ్డ నాలుగొందల కుర్చీలు

అనగనగా ఒక ఊరు. కోటలూ బురుజులూ ఉన్న ఊరు కాదర్రా, మన తణుకంత ఊరు. ఆ ఊళ్ళో ఒక మేడ. మేడ మీద ఓనరు. మేడ కింద అద్దెవాళ్ళు. అద్దెవాళ్ళ వాటా పక్కన రేకుల షెడ్డు. షెడ్డు నిండా నాలుగొందల కుర్చీలు. వింటున్నావా లాస్యా? ఒరే చిట్టీ, కాళ్ళాడించకు, మంచం కిర్రుమంటే నేను చెప్పేది మర్చిపోతాను. ఇద్దరూ ఊ కొట్టండి. ఆఁ, అలా.

అద్దెకుండే ఆయన పేరు ఏడుకొండలు. పెళ్ళిళ్ళకి కుర్చీలు, షామియానాలు, వంటపాత్రలు అద్దెకిస్తాడు. ఊళ్ళో పిల్ల పుట్టినా, పిల్లకి పెళ్ళయినా, పెద్దాయన పోయినా, వచ్చిన జనం కూచునేది ఏడుకొండలు కుర్చీల్లోనే. ఊరందరికీ అద్దెకిస్తాడు, తనేమో అద్దింట్లో ఉంటాడు. అదీ ఆయన దర్జా! ఇంట్లో వాళ్ళమ్మ అప్పాయమ్మ, పెళ్ళాం సత్యవేణి. సత్యవేణి ఎక్కువ మాట్లాడదు. మాట్లాడని మనిషిని చూసి అమాయకురాలనుకుంటారు కొందరు. అనుకోనీ, మనకేం పోయింది.

మేడ మీదాయన కాశీవిశ్వేశ్వర్రావు గారు. అంత పేరూ పిలిచేసరికి తెల్లారిపోతుంది, కాశీగారందాం. కాశీగారు చాలా మంచివాడు. ఎవరు చెప్పారంటావా? ఆయనే చెప్పేవాడు. రోజూ చెప్పేవాడు.

ఇలా ఉండగా ఉండగా, ఆ మాయదారి జబ్బొచ్చింది. మీరప్పుడు బొమ్మల్లా ఉండేవారు, మీకు గుర్తుండదు. ఎవరూ గడప దాటొద్దని సర్కారువారు టీవీలో చాటింపు వేయించారు. బస్సుల్లేవు, బళ్ళు లేవు, బడి లేదు. ఆ బడి లేదన్న మాటకి మాత్రం ఎంత సంతోషమో చూడు వెధవకి!

సరిగ్గా ముహూర్తాల రోజులు. ఏడుకొండలుకి పదకొండు పెళ్ళిళ్ళు బేరం కుదిరి ఉన్నాయి. పెళ్ళిళ్ళన్నీ ఆగిపోయాయి. పెళ్ళివారు ఫోన్ల మీద ఫోన్లు చేసి, పెళ్ళే లేదు కదా, మా అడ్వాన్సు మాకిచ్చెయ్యమన్నారు. కుర్చీ వెయ్యకుండా డబ్బెలా ఉంచుకుంటామని ఏడుకొండలు అందరికీ తిరిగిచ్చేశాడు. అందరికీ! ఇచ్చేశాక డబ్బాలో చూసుకుంటే మిగిలింది బియ్యానికే సరిపోదు, ఇంక అద్దెకెక్కడిది?

ఒకటో తారీకొచ్చింది. జబ్బుకి బయటకి రావడం మానేశాడు గానీ కాశీగారు, ఒకటో తారీకుకి మానలేదు. మెట్లు దిగాడు. మొత్తం దిగలేదు, మూడో మెట్టు మీద ఆగాడు. కిందవాళ్ళ గాలి తగుల్తుందని భయం. మాస్కు గడ్డానికి పెట్టుకున్నాడు. గడ్డానికెక్కడ జబ్బు చేస్తుందోనని. చేతిలో పట్టకారు. ఎందుకో తెలుసా? నోట్లకి జబ్బంటుకుని ఉంటుంది కాబట్టి, అద్దె డబ్బులు పట్టకారుతో పుచ్చుకుంటాడట!

ఏడుకొండలు చేతులు కట్టుకుని, ఈ నెల రెండు వేలే ఉన్నాయి బాబాయిగారూ, మిగతాది బేరాలు మొదలవగానే ఇచ్చుకుంటానన్నాడు. కాశీగారు ఆ రెండు వేలూ పట్టకారుతో అందుకుని, ఎండలో ఆరబెట్టుకుని, నాకూ ఖర్చులుంటాయి కదయ్యా అన్నాడు. ఉండవూ మరి? ఒక్క మనిషి, పిల్లలు వేరే ఊళ్ళో, సొంత మేడ, బజార్లో రెండు కొట్ల అద్దె, నెల తిరిగితే పెన్షను. పాపం, నెట్టుకురావద్దూ!

ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళని అద్దె కోసం పీడించకండని సర్కారువారు టీవీలో చెప్పారు కూడానర్రా. ఆ మాటొచ్చే టైముకి కాశీగారి టీవీలో సౌండు తగ్గిపోయేది. మళ్ళీ సీరియల్ టైముకి దానంతటదే వచ్చేసేది. ఊ కొడుతున్నారా? లాస్య ఒక్కతే కొడుతోంది. ఒరే చిట్టీ! ఆఁ.

రెండో నెలొచ్చింది. రెండు వేలు కూడా లేవు. అప్పాయమ్మ చెవుల దుద్దులు తాకట్టు పెడదామంటే తాకట్టు కొట్లూ మూసేశారు. కాశీగారు మళ్ళీ మూడో మెట్టు మీదకొచ్చి, అద్దె కట్టలేనివాళ్ళు మేడ కింద ఎందుకు, చెట్టు కింద ఉండొచ్చుగా, గాలి కూడా బాగుంటుంది అన్నాడు. మర్నాటి నుంచీ నీళ్ళ మోటారు తగ్గించాడు. పూర్తిగా ఆపలేదు, మంచివాడు కదా! తెల్లారగట్ల ఐదింటికి పది నిమిషాలు వదిలేవాడు. అద్దెవాళ్ళు పెందరాళే లేస్తే ఆరోగ్యమని.

అయినా డబ్బు రాలేదు. అప్పుడేం చేశాడు? పిడికిలంత తాళం తెచ్చి షెడ్డుకి వేశాడు. బాకీ మొత్తం తీర్చేదాకా కుర్చీలు నావి, షామియానాలు నావి, గుండిగలు నావి, గరిటెలు నావి, ఈ నెలాఖరుకి తీర్చకపోతే అవి ఉంచి మీరు పొండి అన్నాడు.

ఇక్కడ మాత్రం నవ్వకండర్రా. ఏడుకొండలు ఆ షెడ్డు ముందు గచ్చు మీద కూచుండిపోయాడు. పొద్దున్న కూచున్నవాడు మధ్యాహ్నం ఎండ నెత్తిమీదకొచ్చినా లేవలేదు. ఆ కుర్చీలు వాళ్ళ నాన్న పాతికతో మొదలుపెట్టాడు. ఒక్కొక్క సీజనుకీ కొన్ని కొన్ని చేర్చుకుంటూ వచ్చారు. అన్నం పెడితే తినలేదు. అప్పాయమ్మేమో, రాత్రిపూట నాకు కడుపుబ్బరంగా ఉంటోంది అమ్మాయ్, నాకు వండకు అనడం మొదలుపెట్టింది. ఎన్ని రోజులుంటుంది కడుపుబ్బరం? సత్యవేణి బియ్యం డబ్బాలోకి చూసింది, అత్తగారి మొహంలోకి చూసింది. సంచి తీసుకుని రేషను షాపుకి బయల్దేరింది.

అక్కడేముంది? మే నెల ఎండ. రోడ్డు మీద సున్నంతో గుండ్రాలు గీసి, గుండ్రానికొకర్ని నిలబడమన్నారు. రెండొందల మంది. కాళ్ళు కాలిపోతుంటే గుండ్రంలో చెప్పులు పెట్టి, సంచులు పెట్టి, ఇటుకలు పెట్టి, మనుషులు గోడ నీడకి పోయి గుంపుగా నిలబడ్డారు. ఇటుకలు మాత్రం ఎంత బుద్ధిగా దూరం దూరంగా ఉన్నాయో! ఇంతలో ముందున్న ముసలావిడ కళ్ళు తిరిగి పడిపోయింది. సత్యవేణి పరిగెత్తి ఆవిణ్ణి పట్టుకుని, కొంగుతో విసిరి, నీళ్ళు పట్టించింది.

అప్పుడే జీపులో ఒక ఆఫీసరమ్మ వచ్చింది. జనం గుంపు చూసి, ముసలావిణ్ణి చూసి, తల పట్టుకుంది. వీళ్ళకి నీడ వెయ్యండని మూడ్రోజులుగా చెప్తున్నాను, సామానే దొరకలేదంటారేమిటని పక్కవాళ్ళ మీద కేకలేసింది.

సత్యవేణి లేచి నిలబడింది. కొంగు సర్దుకుని ఆఫీసరమ్మ ముందుకెళ్ళింది.

"మేడమ్, మా దగ్గర పన్నెండు షామియానాలు, నాలుగొందల కుర్చీలు ఉన్నాయి. దూరం దూరంగా వేసిస్తాం. మామూలుగా రోజుకి తీసుకునే అద్దెలో సగమిస్తే చాలు."

"ఎప్పటికి వెయ్యగలరు?"

"మా ఆయన గంటలో పాతేస్తారు మేడమ్. షెడ్డు తాళంచెవి మా ఓనరుగారి దగ్గరుంది. వారు కాస్త జాగ్రత్త మనిషి. మీరొచ్చి ఒక్క మాట చెప్తే ఇచ్చేస్తారు."

చూశారా? ఏడవలేదు. ఓనరు పీడిస్తున్నాడనలేదు. జాగ్రత్త మనిషి అంది, అంతే.

జీపొచ్చి మేడ ముందాగింది. వెనకాలే కానిస్టేబులు. మేడ మీంచి చూసిన కాశీగారు మూడో మెట్టు మీద ఆగలేదర్రా! గబగబా నేల మీదకొచ్చాడు. మాస్కు గడ్డం మీంచి ముక్కు మీదకెక్కింది. ఆఫీసరమ్మ, ఈ తాళమేమిటండీ అంది.

"దొంగల భయం మేడమ్! పాపం వీళ్ళ సామాను పోతుందని నేనే వేశాను."

వీధికొక పోలీసు కర్ర పట్టుకు నిలబడ్డ రోజుల్లో, నాలుగొందల కుర్చీలు నెత్తిన పెట్టుకుని ఏ దొంగ పోతాడు? ఆఫీసరమ్మక్కూడా అదే అనుమానం వచ్చినట్టుంది, కళ్ళు చిన్నవి చేసింది. అద్దె కోసం ఏమైనా ఒత్తిడి చేస్తున్నారా అని సూటిగా అడిగింది.

కాశీగారు నోరు తెరిచేలోపల సత్యవేణి అందుకుంది.

"అయ్యో, బాబాయిగారా మేడమ్? బంగారం! లాక్‌డౌన్ ఎత్తేదాకా సగమద్దె చాలన్నారు."

కాశీగారు తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది.

"ఆ సగం కూడా బేరాలొచ్చాక, నెలకింత అని నెమ్మదిగా ఇమ్మన్నారు."

కాశీగారికి దగ్గొచ్చింది. ఆ రోజుల్లో దగ్గితే ఏమవుతుందో తెలుసుగా? కానిస్టేబులు రెండడుగులు వెనక్కి వేశాడు. ఆయన దగ్గు మింగేశాడు.

"నీళ్ళు కూడా రోజంతా వదులుతామన్నారు మేడమ్. నోటిమాటెందుకమ్మా, కాయితం మీద రాసిస్తానన్నారు. మీ చేతుల మీదుగా ఇప్పిస్తే బావుంటుందని నేనే ఆగమన్నాను."

ఆఫీసరమ్మ సత్యవేణిని చూసింది, కాశీగారిని చూసింది, తాళాన్ని చూసింది. అంతా అర్థమైంది కాబోలు, నవ్వాపుకుని, మీలాంటి ఓనర్లు ఊరికి పదిమందుంటే మా పని ఎంత తేలికయ్యేదండీ, రాయండి రాయండి అని తన పెన్నే తీసిచ్చింది. పొగడ్త చెవిన పడేసరికి కాశీగారు ఉబ్బిపోయాడు. లేదంటే పోలీసు, అవునంటే పొగడ్త. ఎవరైనా ఏం చేస్తారు? సొంత దస్తూరీతో, పూర్తి పేరుతో రాసి, సంతకం పెట్టి, తాళంచెవి ఇచ్చాడు.

ఇంక చూస్కోండి! ఏడుకొండలు గునపం భుజాన వేసుకుని పరిగెత్తాడు. రేషను షాపు దగ్గరొక షామియానా, కూరల బజారులో ఒకటి, బ్యాంకు ముందొకటి, ఆస్పత్రి ముందొకటి. కుర్చీకీ కుర్చీకీ మధ్య తన రెండు బారలు కొలిచి మరీ వేశాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి చేతుల నిండా బొబ్బలు, మొహం నిండా నవ్వు. రేషను బియ్యం వండి కూచోబెట్టి పెడితే మూడు వాయిల అన్నం తిన్నాడు. అప్పాయమ్మ కూడా తింది. కడుపుబ్బరం ఎటు పోయిందో మరి!

సర్కారు డబ్బు వెంటనే వచ్చిందా అంటే, సర్కారు డబ్బు కదర్రా, దానికీ లాక్‌డౌనే. ఆషాఢం వెళ్ళాక వచ్చింది. వచ్చింది వచ్చినట్టు, కాయితంలో రాసుకున్న ప్రకారం సత్యవేణి ఒక్క నెల తప్పకుండా అద్దె కట్టేసింది.

కాశీగారి సంగతా? ఆయనకేం, ఆయన దయాగుణం గురించి పేపర్లో నాలుగు లైన్లు పడ్డాయి. అది కత్తిరించి అట్టకంటించి హాల్లో పెట్టుకున్నాడు. మంచివాణ్ణని అంతకుముందు ఆయనే చెప్పుకోవాల్సొచ్చేది, ఇప్పుడు ఊరంతా చెప్తోంది. ఆ పేరు పోతుందేమోనని భయపడి, పాపం, నిజంగానే మంచిగా ఉండాల్సొచ్చింది. బజార్లో కొట్లవాళ్ళు కూడా పేపరు ముక్క పట్టుకుని వచ్చేశారు. వాళ్ళకీ సగమే తీసుకున్నాడు. మొదట్లో కడుపు మండింది గానీ, నలుగురూ ఎదురుపడి దణ్ణం పెడుతుంటే అదీ బాగానే ఉందనిపించిందిట.

ఒకరోజు ఏడుకొండలు పెళ్ళాన్ని అడిగాడు, అంత పెద్ద ఆఫీసరు ముందు అన్ని అబద్ధాలెలా ఆడావే అని. సత్యవేణి చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తకుండా అంది కదా,

"అబద్ధమేముంది? ఆయన అనాల్సిన మాట, ఆయనకి తట్టేలోపల నేనన్నాను."

అందుకే చెప్తున్నానర్రా, కష్టం వచ్చినప్పుడు తల దించుకుని కూచోకూడదు. మనకేం కావాలో, ఎంత కావాలో, సరైనవాళ్ళ ముందు స్పష్టంగా అడగాలి. అడిగింది కాయితం మీద రాయించుకోవాలి. రేపు మీకు మేడ ఉంటే, కిందవాళ్ళకి నీళ్ళు వదలాలి.

అదర్రా సంగతి. కథేమో కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం. ఒరే చిట్టీ, నిద్రపోయావా? ఇప్పుడు ఊ కొడతావేంట్రా, అయిపోయాక!